రెఫరెన్సు నంబరు

ఇరవై ఏళ్ళకు పైగా పిండి పిసికి రొట్టెలు కాల్చిన మనిషికి, చివరికి ఆ పిండే పడకుండా పోయింది. మొదట్లో తుమ్ములు, తర్వాత దగ్గు. ఆ తర్వాత మైదా బస్తా మూతి విప్పితే చాలు, గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "మందులు రాస్తాను గానీ, మీరు పని మార్చుకోక తప్పదు" అన్నాడు, చొక్కా మార్చుకోమన్నంత తేలిగ్గా.

వీధిలో అందరూ అతన్ని మేస్త్రి అనేవారు. బేకరీలో పొయ్యి అతని చేతిలో ఉండేది. డాక్టరు మాట విన్న మర్నాడే వెళ్ళి, తనను కౌంటర్లో కూర్చోబెట్టమని ఓనరును అడిగాడు. ఆ రోజు ఏదో పెళ్ళివారి పెద్ద ఆర్డరు ఉంది. ఓనరు అసలే చిర్రెత్తి ఉన్నాడు.

"కౌంటర్లో కూర్చునేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. పిండికి భయపడేవాడివి బేకరీకి ఎందుకొచ్చావ్?"

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఏప్రాన్ విప్పి బల్ల మీద విసిరికొట్టి బయటికొచ్చేశాడు. పొయ్యిలో ట్రేలు అలాగే ఉండిపోయాయి. అవన్నీ మాడి బొగ్గయ్యాయని సాయంత్రం ఎవరో చెబితే తెలిసింది. ఆ తర్వాత అతను ఆ వీధిలోకి వెళ్ళలేదు. సందు చుట్టూ తిరిగైనా సరే, ఇంకో దారిలో పోయేవాడు.

నెలలు గడిచాయి. వాచ్‌మన్ పనికి వయసెక్కువన్నారు, డెలివరీ పనికి బండి లేదన్నారు. అప్పుడు రంగంలోకి దిగాడు బావమరిది. సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే ఆ కుర్రాడికి నోరే పెట్టుబడి.

"ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు కడిగి, ఆవిరి మెషిన్లలో పెట్టి శుద్ధి చేసే విభాగముంది బావా. దానికి సూపర్‌వైజరు కావాలట. బయోడేటా సంగతి నాకొదిలెయ్."

అతను రాసుకొచ్చిన కాగితం చదివి మేస్త్రి భార్య నోరు వెళ్ళబెట్టింది. అందులో తన మొగుడు పదిహేనుమంది సిబ్బందిని నడిపిన 'ప్రొడక్షన్ హెడ్'. అసలు సంగతేమిటంటే అతని కింద ఉన్నది ఇద్దరు. అందులో ఒకడు సగం రోజులు రాడు.

"వాళ్ళు ఫోన్ చేసి కనుక్కుంటే?" అంది.

"కనుక్కోనీ అక్కా. రెఫరెన్సు నంబరు నాదే ఇచ్చాను. నేనే జనరల్ మేనేజర్ని."

మేస్త్రి కాదనలేదు. ఓనరు నంబరు ఇచ్చుకునే మొహం తనకెక్కడిది?

ఇంటర్వ్యూ గదిలో పొడవాటి బల్లకు అవతల ఇద్దరు కూర్చున్నారు. హెచ్.ఆర్. అబ్బాయి ఒకడు, విభాగం చూసుకునే హెడ్ సిస్టరు ఒకావిడ. ఆవిడ జుట్టు బిగించి ముడేసుకుంది. మాట్లాడుతున్నంతసేపూ కళ్ళద్దాల పైనుంచి చూస్తోంది.

"మీ పనిలో ఒక రోజు ఎలా గడిచేదో చెప్పండి."

దానికి మేస్త్రి తడుముకోలేదు. పొయ్యి వేడెక్కే వరకు ఎలా ఆగేవాడో, తొందరపడి ట్రేలు దగ్గర దగ్గరగా కుక్కితే మధ్యవి ఎలా పచ్చిగా ఉండిపోతాయో, బాగుచేసేవాడు వచ్చేదాకా మొండి పొయ్యితో ఎలా నెట్టుకొచ్చాడో చెప్పాడు. పిండి పడక మానేశానని కూడా చెప్పేశాడు. ఆవిడ వింటూ ఏదో రాసుకుంది. అతని భుజాలు కాస్త కిందికి దిగాయి.

"పదిహేనుమందిలో ఒకరు మాట వినకపోతే ఏం చేసేవారు?"

భుజాలు మళ్ళీ బిగుసుకున్నాయి. బావమరిది బట్టీ పట్టించిన ముక్కలు అప్పజెప్పాడు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

హెచ్.ఆర్. అబ్బాయి ఫోన్ అందుకున్నాడు. "మీ రెఫరెన్సుతో ఒక్క నిమిషం మాట్లాడతాం. అభ్యంతరం లేదుగా?"

మేస్త్రి తలూపాడు. అబ్బాయి ఫోన్‌ను స్పీకర్లో పెట్టి బల్ల మధ్యకు జరిపాడు.

"హలో, జనరల్ మేనేజర్ స్పీకింగ్." బావమరిది గొంతు బావిలోంచి వచ్చినట్టు బరువుగా ఉంది. ఆ వెనకే ఇంకెవరిదో గొంతు, "అన్నా, ఈ ఫోన్‌కి కవరుందా?"

"మీ వెనక ఎవరో..." అన్నాడు అబ్బాయి.

"మా క్యాంటీన్ లెండి. చెప్పండి."

హెడ్ సిస్టరు ఫోన్ వైపు వంగింది. "ఆయన ఎందుకు మానేశారండీ?"

ఆ ఒక్క ప్రశ్నకూ జవాబేమిటో బావాబావమరుదులిద్దరూ ముందుగా అనుకోలేదు. "మేం ప్రమోషన్ ఇస్తామన్నామండీ. ఆయనే ఇంకా పైకి ఎదగాలని..."

"ఆరోగ్యం?"

"ఉక్కు మనిషి! ఇన్నేళ్ళలో ఒక్కసారి తుమ్మినట్టు కూడా గుర్తు లేదు."

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి మేస్త్రిని చూసింది. కలాన్ని బల్ల మీద పెట్టి, అతన్నే చూస్తూ ఉండిపోయింది. ఫోన్‌లో బావమరిది తన ధోరణిలో తాను పోతున్నాడు. మేస్త్రికి ఛాతీలో పాత బిగింపు మొదలైంది. ఇంకొంచెం ఓర్చుకుంటే ఈ ఫోన్ అయిపోతుంది. ఆ తర్వాత ఏదో ఒకటి చెప్పి సర్దుకోవచ్చు. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి ఎక్కడుంది?

"ఆపండమ్మా" అన్నాడు. "ఆయన మేనేజరు కాదు. మా బావమరిది."

"బావా!" అంది ఫోను. "ఏంటి బావా, అంతా బానే పోతోంది కదా!" అంతలోనే నాలుక కరుచుకున్నట్టు టక్కున ఆగిపోయింది.

హెచ్.ఆర్. అబ్బాయి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వో కోపమో తెలియలేదు. మేస్త్రి కుర్చీలోంచి లేవబోయాడు.

"కూర్చోండి" అంది హెడ్ సిస్టరు. "మీ అసలు ఓనరు నంబరు ఇవ్వండి."

"ఆయన నా గురించి మంచి చెప్పడమ్మా."

"మంచి చెప్పమని నేనూ అడగను."

నంబరు నోటికే వచ్చు. మెల్లగా చెప్పాడు. ఫోన్ చాలాసేపు మోగింది. ఎత్తకపోతే బాగుండునని మేస్త్రి మొక్కుకుంటుండగానే ఎత్తారు. పిండి కలిపే మిషను రొద గదంతా నిండింది. హెడ్ సిస్టరు మేస్త్రి పేరు చెప్పి, పని కోసం వచ్చాడంది.

"ఎవరు? వాడా!" ఓనరు గొంతు పైకి లేచింది. "పెళ్ళివాళ్ళ ఆర్డరు పొయ్యిలో పెట్టి, ఏప్రాన్ నా మొహాన కొట్టి పోయాడమ్మా! మొత్తం మాడిపోయింది. వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను."

మేస్త్రి తల వంచుకున్నాడు.

"ఆ రోజుకు ముందు ఎలా ఉండేవారు?"

ఓనరు ఎవరినో కేకేసి మిషను ఆపించాడు. రొద ఆగిపోయేసరికి అతని ఊపిరి కూడా వినిపించింది.

"ముందా... ముందూ తలనొప్పే. కొంచెం మాడితే పైన క్రీము పూసి అమ్మేద్దామంటే ఒప్పుకునేవాడు కాదు. దాని మీదే వారానికోసారి కొట్లాడుకునేవాళ్ళం." అంతలో గొంతు తగ్గించాడు. "మీ దగ్గర పిండి పనేం లేదు కదా?"

"ఇది ఆసుపత్రండీ."

"అయితే సరే. పిండి ఉన్నచోట మాత్రం పెట్టకండి. చచ్చిపోతాడు." ఠపీమని పెట్టేశాడు.

మేస్త్రి కళ్ళు తుడుచుకోవడానికి దగ్గు వచ్చినట్టు నటించాడు.

హెడ్ సిస్టరు బయోడేటాను అతని వైపు తోసింది. "ఒక కత్తెర శుద్ధి అయిందో లేదో కంటికి కనపడదు. 'అయింది' అని మీరంటే, ఆ మాట మీద డాక్టరు దాన్ని మనిషి కడుపులోకి దించుతాడు. ఈ కాగితం పట్టుకొచ్చిన మనిషికి నేను సూపర్‌వైజరు పని ఇవ్వలేను."

"అర్థమైందమ్మా."

"పూర్తిగా వినండి. వచ్చే నెల సహాయకుల పోస్టులు పడతాయి. ఈసారి కాగితం మీరు రాసుకురండి. ఇందాక పొయ్యి గురించి చెప్పారే, అందులో ఒక్క ముక్కైనా దీంట్లో ఉందా? మాకు కావలసింది అదే. ఎందుకు మానేశారో దాచకండి. రెఫరెన్సుగా ఎవరి పేరైనా ఇచ్చే ముందు వాళ్ళనొక మాట అడగండి."

ఇంటికి వచ్చేసరికి బావమరిది గుమ్మంలో బిక్కమొహంతో కూర్చుని ఉన్నాడు.

"జనరల్ మేనేజరు గారూ, దారి వదలండి" అంది అక్క. తర్వాత మొగుడి వైపు తిరిగి జరిగిందంతా విన్నది. "నేనూ ఆ రోజే గట్టిగా కాదనాల్సింది" అని లోపలికెళ్ళి తెల్లకాగితం తెచ్చింది.

ఆవిడ అడిగింది, అతను చెప్పాడు, బావమరిది నోరు మూసుకుని రాశాడు. పొద్దున వెళ్ళగానే ఏం చేసేవారు? పొయ్యి చెడితే ఎలా తెలిసేది? కొత్తవాడికి మొదట ఏం నేర్పేవారు? ఇవి కూడా రాస్తారా అని మేస్త్రి మాటిమాటికీ అడుగుతూనే ఉన్నాడు. 'హెడ్' అన్న మాట బావమరిది కలం చివరిదాకా ఒకసారి వచ్చింది గానీ, అక్క చూపు చూసి మింగేశాడు.

మర్నాడు మేస్త్రి బేకరీకి వెళ్ళి, గడప బయటే నిలబడ్డాడు. ఓనరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ట్రేలు వదిలి పోవడం నాదే తప్పు" అన్నాడు మేస్త్రి.

"తప్పే. నేను మర్చిపోను."

"మర్చిపోమనడం లేదు. మీ నంబరు రాసుకోవచ్చా అని అడగడానికొచ్చాను."

ఓనరు అతని మొహం పరీక్షగా చూశాడు. "చిక్కిపోయావురా" అన్నాడు. "రాసుకో. మధ్యాహ్నం మాత్రం చెయ్యొద్దని చెప్పు, కునుకు తీస్తాను."

మరుసటి నెల అదే గదిలో, అదే బల్ల ముందు కూర్చున్నాడు. సూపర్‌వైజరుగా కుదిరిన అమ్మాయి కూడా ఈసారి పక్కన ఉంది. వయసులో అతనికంటే చాలా చిన్నది. "నా కింద పనిచెయ్యడం మీకు ఇబ్బందా?" అని సూటిగా అడిగేసింది. మేస్త్రి ఆలోచించి, "మొదట్లో ఉంటుందేమో తల్లీ. మీరు నేర్పితే నేర్చుకుంటాను" అన్నాడు. బయట కూర్చోమన్నారు. వరండాలో ఫినాయిల్ వాసన. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. చివరికి పేరు పిలిచారు.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే భార్య ఆత్రంగా ఎదురొచ్చింది. "ఏమన్నారు?"

"యూనిఫాం కొలత అడిగారు" అన్నాడు. "నాకు తెలీదన్నాను."

ఆవిడ టేపు కోసం కుట్టుమిషను సొరుగు లాగింది.