మా మండలంలో పడని వాన

మా నాయన వెంకటేశులు మండలాఫీసులో అటెండరు. ఆఫీసు ఆవరణలోని రైన్‌గేజిలో పడిన నీళ్లు కొలిచి రిజిస్టరులో రాయడం ఆయన పని. జ్వరమొచ్చినా, పండగైనా పొద్దున ఎనిమిదిన్నరకు అక్కడ ఉండాల్సిందే. అనంతపురం జిల్లాలో ఏడాదికి వాన పడేదే కొన్ని రోజులు. మిగతా రోజుల్లో కూడా పోయి, గరాటు ఎత్తి చూసి, సున్నా అని గుండ్రంగా రాసి వచ్చేవాడు. ఆ సున్నాలు చూస్తూ పెరిగిన నేను వాతావరణ శాస్త్రమే చదవాలనుకున్నాను. అందరూ టీచరు ట్రైనింగుకు పొమ్మంటే, పోట్లాడి విశాఖపట్నం వెళ్లి ఎమ్మెస్సీ చేశాను.

నా పరిశోధన వ్యాసం కూడా మా మండలం వాన మీదే. 1998 నుంచి చుట్టుపక్కల మండలాల కన్నా మాకు దాదాపు రెట్టింపు వాన పడుతోందని నాయన రిజిస్టరు చెప్పింది. మా ఊరి కొండ పడమటి గాలికి అడ్డం నిలబడడం వల్లే మబ్బులు ఇక్కడ కురుస్తున్నాయని పటాలు గీసి మరీ నిరూపించాను. 1998కి ముందు ఆ కొండ లేదా అని నన్నెవరూ అడగలేదు. నాకూ తట్టలేదు. ప్రొఫెసరు మెచ్చుకున్నాడు. వాతావరణ శాఖలో ఉద్యోగమొచ్చింది, అక్టోబరులో పూణేలో శిక్షణకు రమ్మన్నారు.

ఊళ్లో మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. రెట్టింపు వాన పడినట్టు కాగితం మీద ఉంటే కరువు మండలాల జాబితాలో పేరు ఎక్కదు. అయిదేళ్లుగా వేరుశనగ ఎండిపోతున్నా పక్క మండలాల రైతులకు అందిన సాయం మావాళ్లకు అందలేదు. చౌడప్ప అనే రైతు వాన పడినప్పుడల్లా ఆఫీసుకొచ్చి, తన చేన్లో రెండు వేళ్ల లోతు కూడా తడి దిగలేదని నాయనతో గొడవ పడేవాడు. పోయిన ఎండాకాలం నేను ఆయన్ను కూర్చోబెట్టి కొండ సంగతంతా వివరించాను. ఆ తర్వాత ఆయన గొడవకు రావడం మానేశాడు. నా చదువు ఒక మనిషి నోరు మూయించిందని ఎంత మురిసిపోయానో.

2003 సెప్టెంబరు. ఆ ఏడు జాబితా కోసం మండలం లెక్కలు ఆ వారమే జిల్లాకు పోవాలి. ముందు రోజు సాయంత్రం కాస్త వాన పడింది. సరదాగా నాయన వెంట నేనూ వెళ్లాను. ఆయన సీసాలోని నీళ్లు కొలత గ్లాసులో పోసి ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు అన్నాడు. కాబోయే ఉద్యోగిని కదా, గ్లాసు నా చేతికి తీసుకుని చూశాను. గాజు మీద చిన్నగా వంద చదరపు సెంటీమీటర్లు అని ఉంది. గరాటు అంచు మీద రెండు వందలని ఉంది.

ఏ గరాటు నోటి వైశాల్యానికి ఆ గ్లాసు ఉంటుంది. వంద గ్లాసుతో రెండు వందల గరాటు నీళ్లు కొలిస్తే ఒకటికి రెండు చూపిస్తుంది. రెండేళ్లు ఆకాశం గురించి చదివాను గానీ, నాయన చేతిలో ఉన్నదేమిటో ఒక్కసారీ చూడలేదు.

ఈ గ్లాసు ఎక్కడిదని అడిగాను. 1998లో కడుగుతుంటే పాతది జారి పగిలిందని, ప్రభుత్వ సొమ్ము పగలగొట్టానని చెప్పడానికి భయపడి, స్టోరు గదిలో మూలన పడి ఉన్న వేరే రైన్‌గేజి గ్లాసు తెచ్చుకున్నానని చెప్పాడు. అదే ఎత్తు, అవే గీతలు. గ్లాసు గ్లాసే కదా అనుకున్నాడు.

"నాయనా, ఇది దీని గ్లాసు కాదు. ముప్పై ఎనిమిది అంటే పంతొమ్మిదే," అన్నాను.

ముందు నా మీద కోప్పడ్డాడు. తర్వాత రెండు అంకెల మీదా వేలు పెట్టి చూసుకుని, ఆ తడి నేల మీదే కూలబడ్డాడు. అయిదేళ్లలో ఒక్క పూట తప్పని మనిషి, ఒక్క వానా సరిగ్గా రాయలేదు.

ఆ రోజే ఎమ్మార్వోకు జరిగింది రాసి ఇచ్చాం. నా వ్యాసం తప్పని కింద నేను రాశాను. చేతికొచ్చిన ఉద్యోగం చెడగొట్టుకుంటావా అని ఆయన ఆశ్చర్యపోయాడు. భయం వేసింది, అయినా సంతకం పెట్టాను. ఈ ఏడు లెక్క సగం చేసి పంపుతానన్నాడు. గడిచిన ఏళ్ల జాబితాలు తిరగదోడడం కుదరదన్నాడు.

అక్కడి నుంచి నాయన నేరుగా చౌడప్ప ఇంటికి నడిచాడు. తల దించుకుని అంతా చెప్పాడు. చౌడప్ప కొడతాడేమోనని నేను మధ్యలో నిలబడ్డాను. ఆయన కదల్లేదు.

"వాన పల్లేదనే నేనూ అనుకుంటాంటి వెంకటేశులన్నా. ఇంత చదివిన పాప వచ్చి పడిందని చెప్పినాక, నా భూమికే ఏదో తెగులు తగిలిందనుకున్న్యా. తడి పట్టని నేల ఎందుకని పోయిన నెల నాలుగెకరాలూ అమ్మేసినా."

నాయన గోడకు ఆనుకున్నాడు. చౌడప్ప నా వైపు తిరిగాడు.

"అయితే నా నేల మంచిదేనా పాపా?"

"మంచిదే మామా," అన్నాను.