నలుపు కింద అక్షరాలు

పిడుగురాళ్ల శివారులో, మా బడి వెనక ఒక పాత మండపం ఉంది. దాని సున్నపురాతి స్తంభం మీద శాసనం చెక్కినవాడు, చివర తన పేరు కూడా చెక్కుకున్నాడు. మా అమ్మాయి సాయి ప్రియ ఏటా ఆ పేరు మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దేది. ఆరో తరగతిలో ఏడు అక్షరాలు వచ్చాయి. తొమ్మిదో తరగతికి నాలుగే మిగిలాయి.

ఊరి చుట్టూ ఉన్న సున్నం బట్టీల బొగ్గు పొగ సున్నపురాతిని తింటుంది. పైన నల్లటి పెచ్చు కడుతుంది, దాని కింద రాయి పిండి అవుతుంది. ఆ పెచ్చు ఊడితే అక్షరాలూ దానితోనే పోతాయి. ఈ పాఠం చెప్పింది నేనే.

ప్రియ అర్జీ రాసింది: "పొగ ఆపాలి. రాతి మీది నలుపు తొలగించాలి." దిద్దమని నాకిచ్చింది. ఆ వారమే ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేరింది. మళ్లీ ఇంటికి రాలేదు.

రెండో వాక్యం తప్పని నాకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా పిల్లల తప్పులు దిద్దుతున్నాను. ఆ ఒక్క కాగితం మీద కలం పెట్టలేకపోయాను. కింద నా సంతకం చేసి కలెక్టరాఫీసుకు అలాగే పంపాను.

అది చేతులు మారి బట్టీల యజమాని బాబీకి చేరింది. ఒక సోమవారం మధ్యాహ్నం బడిలో పిల్లలు అన్నాలు తింటుండగా ఘాటైన వాసన వచ్చింది. పరుగున వెళ్లాను. మండపంలో యాసిడ్ క్యాన్లు ఉన్నాయి. కూలి జమీర్ ఇనప బ్రష్షుతో స్తంభం రుద్దుతున్నాడు.

"ఆపు జమీర్!"

"అయిపోయింది మాస్టారూ. చానా సులువు, ముట్టుకుంటే రాలిపోతా ఉంది."

స్తంభం తెల్లగా, నున్నగా ఉంది.

"ఏంది మాస్టారూ, ఆ మొహం?" బాబీ ఎదురొచ్చాడు. "పొగ ఆపటం మా వల్ల కాదు. రెండోదన్నా చేశాం గదా, పాప కోసం."

"అక్కడ ఒక పేరు ఉండేది."

"అంతేనా? దుర్గి నుంచి శిల్పిని పిలిపిస్తా. పాప పేరు చెక్కిద్దాం. కింద చిన్నగా నాది. ఒరేయ్ జమీర్, మాస్టార్ని స్తంభం పక్కన నిలబెట్టి ఫోటో తియ్యరా."

జమీర్ తీశాడు. బాబీ అర్జీ నా చేతిలో పెట్టి, పని పూర్తయిందని సంతకం చేయమన్నాడు. మొదటి వాక్యం ఎవరో కొట్టేశారు. రెండో దాని పక్కన ఎర్రసిరాతో టిక్కు పెట్టారు.

జేబులోంచి కలం తీసి ఆ రెండో వాక్యాన్ని కొట్టేశాను.

బాబీ వంగి చూసి నవ్వాడు. "ఇప్పుడు దిద్దుతున్నారేంది మాస్టారూ?"