కదపకూడని సీసా

"మీ సీసా గెలిచిందమ్మా! అడుగున పిసరంత కూడా పేరుకోలేదు. రేపు ఇదే పూత పెద్ద ట్యాంకులో కలిపేద్దాం."

ల్యాబ్ పెద్దసారు ఫోన్‌లో ఆ మాట అనగానే ఆమె వంటగదిలోనే ఎగిరి గంతేసింది. చేతిలో గరిటె సింకులో పడింది. కొత్తగా పెళ్లయినవాళ్లకు ఆ చప్పుడూ పాటలాగే ఉంటుంది.

ఆమె సొంతంగా తయారుచేసిన మొదటి పూత అది. ఇనుము తుప్పు పట్టకుండా పూసేది. ఎపాక్సీ రెసిన్ అనే జిగురుకీ నీళ్లకీ మధ్య, పాముకీ ముంగిసకీ ఉన్నంత స్నేహం. మధ్యలో రాజీ కుదిర్చే మందు వేసి, ఆపకుండా కలుపుతూ, నీళ్లు చుక్కచుక్కగా పోయాలి. ముద్ద బిగుసుకుని బిగుసుకుని, ఉన్నట్టుండి పాలలా పలచబడుతుంది. ఆ పాలు అడుగున పేరుకోకుండా నిలుస్తాయో లేదో తేలాలంటే సీసాలో పోసి, వెచ్చని అరలో పెట్టి, వారాల తరబడి ముట్టుకోకూడదు.

భర్తది ఆ ల్యాబ్ ఉన్న ఫ్యాక్టరీలోనే స్టోర్స్ ఉద్యోగం. రోజూ సాయంత్రం ఆమె కోసం ల్యాబ్‌కి వస్తాడు. వార్త వినగానే వంటగదిలోకి వచ్చి ఆమెను అమాంతం ఎత్తుకున్నాడు.

"అందులో నా చెయ్యి కూడా ఉంది, తెలుసా?"

"మీ చెయ్యా?"

"నువ్వు బ్యాగు సర్దుకునేలోపు రోజూ దాన్ని ఓసారి గట్టిగా ఊపి పెట్టేవాణ్ణి. అడుగున తెల్లగా పేరుకుంటోంది. పాపం, చూస్తే బెంగపెట్టుకుంటావని."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"దించు."

"మీరు పోయి నువ్వు వచ్చిందే!"

"నవ్వావంటే పళ్లు రాలతాయి. దించు! అది పేరుకుంటుందో లేదో చూడ్డానికేగా కదపకుండా పెట్టింది? పరీక్ష రాసే పిల్లకి పక్కన కూర్చుని జవాబులు చెప్పావు నువ్వు!"

"ప్రేమతోనే కదే..."

"నీ ప్రేమని ఇనుముకి పూస్తారా? డ్రమ్ముల్లో రెసిన్ అంతా అడుక్కి దిగుతుంది. పైన తేలిన నీళ్లే పూస్తారు. తుప్పు పట్టాక ఎవర్ని తిడతారు?"

"ఎవరికి తెలుస్తుంది? మనం ఊరుకుంటే..."

"ఊరుకుంటే?"

అతను ఆమెను దించేసి ఫ్రిజ్‌కి ఆనుకుపోయాడు. "ఏం లేదు."

ఊపినందుకు కాదు ఆమె కడుపుమంట. "అది ఓడిపోతోందని రోజూ చూశావు. చూసి, స్కూటర్ మీద నా కూనిరాగాలన్నీ విన్నావు. ఒక్క మాట చెప్పలేదు."

ఆమె ఫోన్ అందుకోగానే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "పొద్దున చెప్పొచ్చుగా! ఈ పూటకి సంతోషంగా ఉందాం."

"మండిపోతుంటే సంతోషమెక్కడిది?" అంటూనే సారుకి ఫోన్ కలిపింది. "సార్, ట్యాంకు ఆపండి. ఆ సీసా లెక్కలోకి రాదు. ఎవరో కదిపారు."

అవతల నుంచి సారు అడిగారు. "ఎవరు?"

ఆమె మొగుడి వంక చూసింది. "ఆయనే వచ్చి చెప్తారు సార్."

ఫోన్ పెట్టేసి, వేలు చూపించి చెప్పింది. "రేపు పొద్దున్నే నువ్వు సారు గదికి వెళ్తున్నావు. నేను మళ్లీ మొదట్నుంచి రెసిన్ కలుపుతాను. సాయంత్రం గేటు బయటే నిలబడు. ల్యాబ్ గడప తొక్కావో, బస్సెక్కి పోతా!"