నిఘాలో ఉన్న తీగ

జగన్నాధం మోపెడ్‌కి స్టాండు వేసి, బండిబాటకు అడ్డంగా పోతున్న తీగల కింద నిలబడి తల పైకెత్తాడు. రోజూ ఇదే వేళకు, ఏడు కొట్టకముందే, ఇలాగే నిలబడి చూస్తాడు. కొర్రవలస పొలాలకు పోయే ఈ బాట మీద పదకొండు కేవీ లైను ఇరవై అడుగుల ఎత్తున ఉండాలి. కింది రెండు తీగలు పన్నెండు అడుగులకు దిగి ఉన్నాయి. పొద్దుటి చలికి కాస్త బిగిసి కనిపిస్తాయి, ఎండెక్కితే మళ్ళీ సాగుతాయి. అయితే ఈవాళ ఎండ వచ్చేలా లేదు. సముద్రం వైపు ఆకాశం మసిగుడ్డలా ఉంది. రేపటికల్లా తుఫాను తీరం దాటుతుందని రాత్రే ఫోనుకు మెసేజి వచ్చింది.

మనిషి పొట్టి. యాభై ఎనిమిదేళ్ళు. మెడ ఎప్పుడూ పైకెత్తి చూసే పని కనుక వెనక చర్మం మూడు మడతలు పడి నల్లగా కమిలిపోయింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర, ఆగిపోయిందనుకున్న కరెంటు ఆగకపోతే ఆ వేళ్ళు అలా అయ్యాయి. ఆఫీసు కాగితాల్లో అది స్వల్ప గాయం. ఆ స్వల్ప గాయంతోనే ముప్పై ఏళ్ళుగా అన్నం కలుపుకుంటున్నాడు. ప్రమోషను రాలేదు, ఫొటో పేపర్లో పడలేదు, జెండా పండుగనాడు ప్రశంసాపత్రం ఇచ్చిన వాళ్ళూ లేరు. ఒక్క సంగతి మాత్రం ఆయనకు లోపల గర్వంగా ఉండేది. ముప్పై ఏళ్ళలో తన లైను మీద మనిషన్నవాడు పోలేదు. ఈ మాట భార్య నారాయణమ్మకు కూడా చెప్పలేదు. చెప్తే దిష్టి తగులుతుందని భయం.

ఆరేళ్ళ కిందటి తిత్లీ తుఫానుకు ఇక్కడ మూడు స్తంభాలు పడిపోయాయి. బయటి జిల్లా నుంచి వచ్చిన కూలీలు రెండే పాతి, తీగలు లాగి, వేరే ఊరికి పోయారు. అవి స్తంభాల కరువు రోజులు. మూడోది తర్వాత వేస్తామన్నారు. ఆ వారమే పునరుద్ధరణ నూటికి నూరు శాతం పూర్తయిందని పైకి నివేదిక వెళ్ళిపోయింది. నూటికి నూరు అయిపోయాక ఇంకో స్తంభం మిగిలి ఉండడానికి వీల్లేదు కదా. జగన్నాధం కాగితం పెడితే, తుఫాను పనులు ముగిశాయన్నారు. మరమ్మతు కింద అడిగితే, మరమ్మతులో కొత్త స్తంభం వెయ్యకూడదన్నారు. కొత్త పని కింద అడిగితే, ఆ లైను మీద వాడకం పెరగలేదు కనుక అర్హత లేదని కాగితం తిరిగొచ్చింది. ఒక్కరూ కాదనలేదు, కసురుకోలేదు. ఎవరి బల్ల మీద వాళ్ళు సక్రమంగానే పని చేశారు.

నాలుగో కాగితానికి మాత్రం జవాబు వచ్చింది. పనికి అనుమతి వచ్చే వరకు ఆ చోట లైన్‌మన్ నిఘా ఉంచవలెను, అని. అప్పట్నుంచి ప్రతి మూడు నెలల సమీక్షలోనూ కొర్రవలస బాటకు ఎదురుగా ‘లైన్‌మన్ నిఘాలో ఉంది’ అని పడుతూ వచ్చింది. అక్కడ ప్రమాదం ఉందని అందరికీ తెలుసు. దానికి ఒక మనిషిని పెట్టామనీ తెలుసు. ఇక దాని గురించి బెంగపడవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది.

బెంగపడే పని జగన్నాధానిది. కోతలైపోయి వరిపనలు కళ్ళానికి తోలే రోజుల్లో ట్రాక్టరు లోడు ఆ తీగలను తాకేంత ఎత్తుంటుంది. ఊరివాళ్ళు ఫోను చేస్తే ఆయన వచ్చేవాడు. లోడు మీదకు తనే ఎక్కి, ఎండిన సరుగుడు పంగలకర్రతో ఒక్కో తీగా ఎత్తి పట్టుకుంటే బండి కింది నుంచి మెల్లగా దాటిపోయేది. కర్ర పట్టే ముందు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు నరసింగరావుకు రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చేవాడు. అంటే కరెంటు ఆపు. బండి దాటాక ఒకటి. అంటే వదులు. మొదట్లో నోటితోనే చెప్పేవాడు. ఎక్కడో ఏదో ప్రమాదం జరిగి, ఫోను మీద కరెంటు ఆపకూడదు, రాతపూర్వక అనుమతి ఉండాలి అని సర్క్యులర్ వచ్చింది. రాతపూర్వక అనుమతి వచ్చేసరికి పనలు మొలకెత్తుతాయి. అందుకని ఇద్దరూ మాటలు మానేసి మిస్డ్ కాల్స్‌లోకి దిగారు. నరసింగరావు ఉద్యోగానికి ముప్పు రాకూడదని జగన్నాధం ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఫోను జేబులోంచి తీస్తే టైము చూసుకుంటున్నాడనుకునేవారు. కర్రను మోపెడ్ మీద మోసుకు తిరగలేక బాట పక్క రైతు దాలయ్య కళ్ళంలోనే వదిలేసేవాడు.

ఈవాళ నరసింగరావు సబ్‌స్టేషన్‌లో లేడు. పోయిన వారమే బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినతను అంతా యాప్‌లోనే రావాలన్నాడు, అదీ మర్యాదగానే.

దాలయ్య పొలంగట్టు మీదే ఎదురొచ్చాడు. ఎకరన్నర వరి, కోసి పనలు వేసి నాలుగు రోజులైంది. తలకు తువ్వాలు చుట్టుకుని, కాళ్ళకు మోకాళ్ళదాకా దుమ్ము కొట్టుకుని ఉన్నాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు. అయినా మొదటి ఏడాది నుంచీ బావా అంటే బావా అనుకుంటున్నారు.

“సూసినావా బావా, మబ్బు ఎలగ కమ్ముకొస్తన్నాదో. చినబాబు ట్రాక్టరు పదకొండుకి వస్తాది. రెండు లోడ్లు. బేగి దాటించీయాల.”

“ఈరోజు కొంచెం ఇబ్బందున్నాది దాలయ్యా. నాను కబురు సెప్పీవరకూ బండి బాట మీదకి తేవద్దు.”

“ఇబ్బందేటి? కర్ర నా కళ్ళంలోనే ఉన్నాది కాదేటి.”

“కర్రుంటే సాల్దు. నాను రావాల.”

దాలయ్య నవ్వాడు. “రాకపోతే ఎలగ? నువ్వు మా ఇంటి అల్లుడివి గదా, నువ్వొస్తేగానీ మాకు పని జరగదు.”

జగన్నాధం కూడా నవ్వేసి మోపెడ్ ఎక్కాడు. ఎందుకు రావాలో ఆ నిమిషాన చెప్పవలసింది. గట్టు మీద ఇంకెవరూ లేరు. చెప్పడానికి రెండు మాటలు చాలు. దాలయ్య రహస్యం దాచలేని మనిషీ కాదు.

చెట్టు కింద ఆగి యాప్ తెరిచాడు. అది పని ఏమిటని అడిగింది. తీగ మార్చుట, ట్రాన్స్‌ఫార్మరు మరమ్మతు, కొమ్మల నరికివేత, ఇలా తొమ్మిది పనులు చూపించింది. పనల బండి దాటించుట అందులో లేదు. కొమ్మల నరికివేత నొక్కి, అరగంట కరెంటు ఆపమని పంపాడు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. తుఫాను హెచ్చరిక దృష్ట్యా ఈ రోజు ముందస్తు పనులకు కరెంటు నిలుపుదల లేదు. జగన్నాధం దాన్ని రెండుసార్లు చదివి తన పైనున్న ఇంజనీరు, ఏఈ శ్రావణికి ఫోను చేశాడు.

శ్రావణి విజయనగరం అమ్మాయి. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. వచ్చిన కొత్తలోనే ఆ తీగ చూసి బెదిరిపోయి, తనూ ఒక కాగితం రాసింది. అందుకే ఆవిడంటే జగన్నాధానికి అభిమానం.

“జగన్నాధం గారూ, వీడియో కాన్ఫరెన్సులో ఉన్నానండి,” అంది గొంతు తగ్గించి. “తుఫాను జాగ్రత్తల మీదే. మూడింటికి అయిపోతుంది, అవగానే నేనే సబ్‌స్టేషన్‌కి చెప్తాను. అంతవరకూ బండి ఆపండి.”

“ఆపుతాను మేడమ్. వాన వచ్చీలాగున్నాది. రైతు ఆగుతాడో నేదో.”

“మీరు అక్కడే ఉండండి మరి.”

“ఇరవై ట్రాన్స్‌ఫార్మర్లు ఫొటోలు తీసి మూడింటికల్లా ఎక్కించమని పొద్దున్న మెసేజొచ్చింది మేడమ్. నేకపోతే మెమో అన్నారు.”

ఆ మెసేజి ఆవిడ పంపిందే. ఆవిడకు పైవాళ్ళు పంపింది.

“ఫొటోలు బేగి తీసుకుని వెళ్ళిపోండి,” అంది. బేగి అన్న మాట ఆఫీసులో ఎప్పుడూ వాడదు.

దాలయ్యకు ఫోను చేసి మూడింటికి అని చెప్పాడు. దాలయ్య ఊఁ అన్నాడు. ఆ ఊఁ జగన్నాధానికి నచ్చలేదు గానీ, ట్రాన్స్‌ఫార్మర్లు ఏడు ఊళ్ళ మీద ఉన్నాయి. ఒక్కోదాని ముందూ నిలబడి, స్తంభం మీది నంబరు కనిపించేలా ఫొటో తీసి, అది యాప్‌లోకి ఎక్కేదాకా చెయ్యి పైకెత్తి సిగ్నలు వెతుక్కున్నాడు. నారాయణమ్మ కట్టిన కారేజీ పదమూడో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నిలబడే తిన్నాడు. రాగి అంబలి, ఎండుచేపల ఇగురు. రెండున్నరకు సన్నగా తుంపర మొదలైంది.

పద్దెనిమిదో ట్రాన్స్‌ఫార్మరు కోటబొమ్మాళి రోడ్డు పక్కన ఉంది. ఫొటో తీయడానికి ఫోను ఎత్తాడు. ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడూ చేసే సన్నటి ఝుమ్మన్న చప్పుడు ఆగిపోయింది.

ఎదుటి కొట్టులో ఫ్యాను కూడా ఆగింది. జగన్నాధం టైము చూశాడు. మూడుకు పది నిమిషాలు తక్కువ. శ్రావణి మేడమ్ మీటింగు మధ్యలోనే లేచి చెప్పి ఉంటుంది, కరెంటు ఆపించింది, అనుకున్నాడు. ఎంత సంతోషం వేసిందంటే, ముడుచుకున్న వేళ్ళ చేత్తోనే స్తంభానికి దణ్ణం పెట్టుకున్నాడు. దాలయ్యకు బయల్దేరుతున్నానని చెప్పడానికి ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, అనుమతి ఇస్తే ముందు తన ఫోనుకు మెసేజి రావాలని. మెసేజి రాలేదు. ఎవరూ ఆపకుండా కరెంటు తనంతట తను ఆగిందంటే తీగకు ఏదో తగిలిందని ముప్పై ఏళ్ళ లైన్‌మన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు మిగిలే ఉన్నాయి. మోపెడ్ తిప్పాడు.

ఆయన వెళ్ళేసరికి ట్రాక్టరు బాట మీద తీగల కిందే ఆగి ఉంది. దాలయ్యను కిందికి దించి గట్టు మీద పడుకోబెట్టారు. ముఖం మీద తువ్వాలు కప్పారు. చినబాబు దూరంగా చతికిలబడి ఉన్నాడు. తుంపర పడగానే ఇంక ఆగలేనని దాలయ్య కర్ర తెప్పించాడట. లోడు ఎక్కి ఒక తీగను పంగలో పెట్టి ఎత్తబోయాడట. రెండోది భుజానికి తగిలిందట. అరవలేదు, కూర్చున్నట్టుగా పనల మీదకు ఒరిగిపోయాడని చినబాబు చెప్పాడు. దారిలో ఉండగానే, మూడింటికి, జగన్నాధం ఫోనుకు శ్రావణి మెసేజి వచ్చి ఉంది. కరెంటు నిలుపుదలకు అనుమతించడమైనది.

దాలయ్య భార్య గున్నమ్మ ఏడుపు ఆపి ఆయన వైపు చూసింది.

“ఆగమన్నానన్నా. బావ రానీ అన్నాను. ‘బావ సేసీదేటో నాకు తెలీదేటి, ఆరేళ్ళు సూడనేదా’ అన్నాడు.”

జగన్నాధం ఆమె పక్కనే బురదలో కూలబడ్డాడు. నరసింగరావు ఉద్యోగం, సర్క్యులరు, ఏవీ గుర్తు రాలేదు.

“కర్రతోటి కాదమ్మా. కర్ర పట్టీముందు నాను కరెంటు తీయించీవోడిని. ఫోనులో.”

గున్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తిట్టలేదు.

“మరి ఆ మాట మాకొక్కనాడూ సెప్పనేదేటన్నా?”

తుఫాను వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్న లారీ మీద స్తంభం వచ్చింది. అత్యవసరం కింద దాన్ని పాతి తీగలు బిగించడానికి మూడు గంటలు పట్టింది. ఏ బల్ల మీదా ఆగలేదు. సాయంత్రం జగన్నాధానికి మెమో వచ్చింది. నిఘాలో ఉన్న చోట ప్రమాదం ఎలా జరిగిందో సంజాయిషీ ఇవ్వవలెను. ఆయన తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి ఏడాదే కర్ర పట్టనని చేతులెత్తేసి ఉంటే, రైతులంతా బళ్ళు తెచ్చి ఆఫీసు ముందు నిలబెట్టేవారు. స్తంభం అప్పుడే వచ్చేది. తను బాగా కాపలా కాసినందుకే అది రాలేదు. ఈ మాట సంజాయిషీలో ఎలా రాయాలో ఆయనకు తెలియలేదు. నారాయణమ్మ పిలిచినా అన్నానికి లేవలేదు.

కరెంటు ప్రమాదాలు చూసే తనిఖీ అధికారి మూడు జిల్లాలకు ఒక్కడే. ఆయన వచ్చి చూసేదాకా లోడు కదపకూడదని పోలీసులు చెప్పారు. ఏడో రోజు కూడా అది బాట మీదే, ఇప్పుడు ఇరవై అడుగుల ఎత్తుకు లేచిన తీగల కింద ఉంది. వానకు నాని పనలన్నీ మొలకెత్తాయి. పైన, మనిషి ఒరిగినంత మేర మాత్రం గడ్డి ఇంకా అణిగే ఉంది.