నడిమి వరుస

“నీ ఇష్టమేలే, నేనేమైనా బలవంతం చేశానా?” అన్నాడు భర్త, తిన్న కంచం ఆమె వైపు జరుపుతూ. ఆమె ఉద్యోగం మానేస్తున్నట్టు ఉత్తరం ఆయనే టైపు చేయించి తెచ్చాడు. ఇక సంతకమే తరువాయి. “అమ్మ ఒంటరిగా అవస్థ పడుతోంది. అదే నా బాధ.”

కంచం కడగబోతే వంటింట్లో అత్తగారు మెల్లగా అంది. “నాకేం తల్లీ, ఓపికున్నన్నాళ్లు లాక్కొస్తాను. వాడికే నువ్వు పనికెళ్లడం నచ్చట్లేదు.”

విడివిడిగా ఇద్దరూ వెన్నలాంటి మనుషులే. జ్వరమొస్తే అత్తగారు ఆమెను మంచం దిగనివ్వదు. ఆయన గొంతు పెంచి ఎరగడు. మరి తనెందుకిలా వడిలిపోతోంది? ఎవరి మీద కోప్పడాలో తెలిస్తే కదా!

ఆమె పని మొక్కల తెగుళ్ల పరిశోధనశాలలో. ఆకు మీద వైరస్ ఉన్న రసం చుక్క వేసి వేలితో రుద్దాలి. మొక్కలు మూడు వరుసలు. మొదటి వరుసకు ఒక వైరస్, తక్కిన రెండింటికీ ఇంకొకటి. మధ్యలో చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రెండు వారాల క్రితం, మొదటి వరుస కాగానే ఇంటి నుంచి ఫోను, చక్కెర డబ్బా ఎక్కడుందని. ఆ ధ్యాసలో చేతులు కడగకుండానే నడిమి వరుస రుద్దేసింది. మూడో వరుసకు ముందు గుర్తొచ్చి, నాలుక్కరుచుకుని కడుక్కుంది.

ఈవేళ చూస్తే అటు వరుసలో లేత మచ్చలు, ఇటు వరుసలో పసుపు చారలు. అయినా రెండూ నిలబడే ఉన్నాయి. నడిమి వరుస మాత్రం మొదలంటా మాడిపోయింది.

“ఏది చంపింది మేడమ్?” అంది, చేతులు కడగని సంగతి చెప్పేసి, తిట్లకు సిద్ధపడి.

పెద్ద మేడమ్ ఆకు తిప్పి చూసి నవ్వింది. “ఏదో ఒకటని వెతికితే దొరకదమ్మాయ్. ఒకటి మొక్క కాపలాను పడుకోబెట్టింది, రెండోది ఆ సందులో పెరిగిపోయింది. విడిగా రెండూ సాధువులే! ఈసారి కావాలనే కలిపి రుద్దు. ఈ వరుస ఇక నీది.”

సాయంత్రం ఆయన ఉత్తరం మీద కలం పెట్టి జరిపాడు. ఆమె వంటింటి వైపు తిరిగింది.

“అత్తయ్యా, మీరూ రండి. ఇలా ఆయన పక్కన కూర్చోండి.”

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

“ఆయన మీకోసమంటారు, మీరు ఆయన కోసమంటారు. ఇంతకీ నన్ను మానెయ్యమంటున్నది ఎవరు?”

తల్లీ కొడుకూ మొహమొహాలు చూసుకున్నారు.

ఆమె కలానికి మూత పెట్టి, ఉత్తరం నాలుగు మడతలు పెట్టింది.

“ఎవరూ కాదన్నమాట. అయితే నేను పొద్దున్నే వెళ్లాలి. సింకులో గిన్నెలున్నాయి. ఇద్దరూ కలిస్తే ఎంతసేపు!”