కుందూబర్గ్ వాకిలి

మా వసారా బండలు నలభై రెండు. బేతంచెర్ల నాపబండలు, అంచులు అరిగిపోయినవి. ప్రతి పొద్దూ తడిగుడ్డ పెట్టి వాటిని తుడుస్తాను. వీధి గడప దగ్గర మొదలుపెట్టి, వంటింటి గడప దాకా వెనక్కి జరుగుతూ పోవాలని మా అత్త యశోదమ్మ కాపురానికొచ్చిన మొదటి వారంలోనే నేర్పింది. ఆరేళ్లుగా అట్లాగే తుడుస్తున్నాను. ఆమెకు తెలియనిది ఒకటే. ఆ నలభై రెండు బండల మీద ఒక ఊరుంది. మూడో వరస మొదటి బండ రొట్టెలు కాల్చేవాళ్ల వీధి. పక్కది నేతగాళ్లది. నడిమధ్య పగిలిన బండ సంత జరిగే చౌకు. మా ఆయన మిల్లు నుంచి వచ్చి చెప్పులు విడిచేది సరిగ్గా ఆ చౌకులోనే. వీధి గడప ఆ ఊరి కోటవాకిలి.

ఊరి పేరు కుందూబర్గ్. నేనూ లూదియా కట్టాం. కర్నూలులో బి.ఏ. చదివేటప్పుడు, డెబ్భై ఆరు వానాకాలంలో. మా ఇంట్లో నాకన్నా ముందు పదో తరగతి దాటినవాళ్లు లేరు, లూదియా ఇంట్లోనూ అంతే. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. చరిత్ర మేడమ్ ఒకరోజు మధ్యయుగాల జర్మనీ పట్టణాల పాఠం చెప్పింది. చుట్టూ గోడ, గోడకు వాకిలి, లోపల ఒక్కో పనివాళ్లకు ఒక్కో సంఘం. దొర పొలానికి కట్టుబడిన మనిషి ఎవరైనా తప్పించుకుని ఆ గోడ లోపలికి చేరి, దొర వచ్చి తన మనిషని అడగకుండా ఒక ఏడాది పైన ఒక రోజు గడిస్తే ఇక ఎవరి సొత్తూ కాదు. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. ఆ రెండు మార్కులతో మేం డిగ్రీ అయ్యేదాకా ఆడుకున్నాం.

డ్రాయింగు షీటు మీద ఊరు గీశాం. బర్గ్ అంటే కోట అని మేడమ్ చెప్పింది కాబట్టి మా కుందూ నదికి కోట తగిలించాం. చూడని దేశం కాబట్టి చూసినవే తెచ్చి పెట్టాం. వీధులకు బేతంచెర్ల బండలు పరిచాం. మంచు ఎట్లా ఉంటుందో తెలియక, పత్తి పగిలిన చేను మాదిరి ఉంటుందనుకున్నాం. రొట్టెలవాళ్ల సంఘం జొన్నరొట్టెలే కాల్చింది. గోడ అవతల అడవిలో మాటలాడే తోడేళ్లను, నది అడుగున గంట కొట్టే దయ్యాన్ని పెట్టాం. తరవాత ఆ ఊర్లోకి మేమే పోయాం. లూదియా వాకిలి కాపలాదారు. నేను దొర పొలం నుంచి పారిపోయి వచ్చిన మనిషిని. జర్మన్ పేర్లు నోరు తిరగక మా పేర్లే ఉంచుకున్నాం. ఆరు గవ్వలు వేసేవాళ్లం. మూడైనా వెల్లకిలా పడితే అనుకున్నది జరుగుతుంది. ఆరూ బోర్లా పడితే దొర వాకిలి దగ్గరికి వచ్చేసినట్టు. అప్పుడేం కావాలన్నదాని మీద వారం రోజులు పోట్లాడుకున్నాం. చివరికి లూదియానే నియమం పెట్టింది.

"ఊరికే వచ్చి నా మనిషి అంటే సరిపోదు భూదేవీ. పేరు పెట్టి పిలవాల. పిలిస్తే నువ్వు పోవాల్సిందే, నేనూ ఆపను. పేరు తెలీనోడు దొరెట్లయితాడు?"

"వానికి నా పేరు తెలీకుండా ఉంటాదా పిచ్చిదానా," అన్నాను. "వాని చేన్లోనే గదా పుట్టింది."

డెబ్భై ఎనిమిదిలో నన్ను ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఇచ్చారు. ఆయన పత్తి మిల్లులో సూపర్‌వైజరు. పేరు శేషయ్య. తాగడు, చెయ్యి చేసుకోడు. పిల్లలు లేరు మాకు. ఆయన అవ్వ పేరూ భూదేవమ్మే అని పెళ్లయ్యాక తెలిసింది. పెద్దామె పేరు పెట్టి కోడలిని కేకేయడం ఆ ఇంట్లో తప్పు. "ఆ పేరు ఈ ఇంట్లో ఒక్కరికే," అంది అత్త. నేను ఊరి పేరుతో ఆళ్లగడ్డామెను అయ్యాను. ఆయనకు ఏమే. అవ్వకు ఓమ్మీ. మూడేళ్లు మంచంలో ఉన్న అవ్వకు నేనే నీళ్లు పోశాను, గుడ్డలు మార్చాను. పోయే ముందు ఒకరోజు నా చేయి పట్టుకుని, "నీ పేరేంది మే?" అని అడిగింది. చెప్పాను. "అది నాది గదా," అని నవ్వింది. ఆమె పోయాక పేరు నాకు తిరిగి వస్తుందేమో అనుకున్నాను. ఫోటో కట్టించి దండ వేశారు. పేరు ఆమెకే ఇంకా గట్టిపడింది.

నాతో తెచ్చుకున్న డ్రాయింగు షీటును అత్త వంటింటి అలమరలో డబ్బాల కింద పరిచింది. నూనె మరకలు పట్టి సంఘాల వీధులన్నీ కలిసిపోయాయి. అప్పటి నుంచే ఊరిని బండల మీద గుర్తుపెట్టుకున్నాను. మధ్యాహ్నం అత్త పడుకున్నాక నేనొక్కదాన్నే గవ్వలు వేసేదాన్ని. ఒంటరిగా ఆడితే ఆట చాలా నెమ్మదిగా సాగుతుంది. తోడేలు మాటా నేనే, దానికి జవాబూ నేనే. లూదియా ఆళ్లగడ్డలో ప్రైవేటు బడిలో టీచరై, నెలకొక ఉత్తరం రాసేది. అందులో సగం కాపలాదారు మాటలే. మొన్న మార్చిలో కాపలాదారు అడిగాడు: "ఇన్నేళ్లుగా వాకిలి బయటే నిలబడ్డావు. ఏ పని వచ్చో చెప్పు, ఆ సంఘంలో చేరుస్తా." రాశాను. ఇంటిల్లిపాదికి రెండు పూటలా వండుతాను. జొన్నలు చెరుగుతాను. నీళ్లు మోస్తాను. మంచంలో ఉన్న మనిషిని పుండు పడకుండా పక్కకు తిప్పుతాను. మిల్లు చొక్కాల నుంచి నూనె మరక తీస్తాను. మాట పడి మళ్లీ అన్నం వడ్డిస్తాను. రాసుకుంటూ పోతే కాగితం అయిపోయింది.

లూదియా జవాబు పొట్టిగా ఉంది. "మన ఊర్లో పద్నాలుగు సంఘాలు పెట్టినాం గదా. వెతికినా. నీ పనులకు సంఘమే లేదు. ఆ మొగోళ్లందరికీ సంగటి ఎవురు కెలికినారో మనమే మరిచిపోయినాం. ఊరు కట్టింది మనమే, తప్పూ మనదే."

ఆ తరవాతి ఉత్తరం మే నెలలో ఒక ఆదివారం వచ్చింది. ముందురోజే పొరుగింటివాళ్లకు పొరపాటున పోయి, తిరిగి ఆయన చేతికి చేరింది. మిగతావి ఆయన మిల్లులో ఉండగా నా చేతికే వచ్చేవి; తన చేతికి వచ్చిన ఉత్తరం ఏదైనా ఆయనే చించుతాడు. ఎదురుగా స్నేహితుడు చక్రపాణి కూర్చుని ఉంటే, ఆయన ఉత్తరం చదివి చెప్పాడు.

"వినప్పా. మావోళ్లు జర్మనీలో ఊరు కట్టినారంట. దానికొక కాపలాదారు. 'వాకిలి తీసే ఉంది, జూన్ పద్దెనిమిదిలోగా రా' అని రాస్తాండాడు."

"ఎవుడు వాడు?"

"వాడు గాదులే. ఆళ్లగడ్డ లూదియమ్మ. వాళ్ల బడిలో సోషల్ టీచరు ఏడాది లీవు పెట్టిందంట. ఆ పోస్టుకు ఈమెను రమ్మంటాంది."

చక్రపాణి నా వైపు తిరిగాడు. "ఏం వదినా, ఆ ఊర్లో మొగుడెవురు?"

"పెట్టలేదు," అన్నాను, కాఫీ గ్లాసులు కింద పెడుతూ. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నేను నవ్వించడానికి చెప్పలేదు. నిజంగానే పెట్టలేదు, అడిగేదాకా నాకూ తోచలేదు.

చక్రపాణి పోయాక అడిగాను, పోతానని.

"ఏడాదా? అమ్మకు మోకాళ్లు పట్టుకపోయినాయి. నా క్యారియరు ఎవురు కట్టాల?"

"అత్త చెల్లెలు రంగమ్మ వస్తానంటాంది గదా."

"నిన్నేమన్నా తిడతాండానా, కొడతాండానా?"

"లేదు."

"మల్ల ఈడ ఏం తక్కువైంది నీకు?"

ఖాళీ గ్లాసులు ఏరుకుని వంటింటి వైపు తిరిగాను. అత్త లోపలి నుంచి అంది: "సదువుకున్న పిల్లను తేవద్దంటి. విన్యాడా?"

మరునాడు మధ్యాహ్నం గవ్వలు వేశాను. ఆరూ బోర్లా పడ్డాయి. ఇన్నేళ్ల ఆటలో మొదటిసారి. దొర వాకిలి దగ్గరికి వచ్చాడు. ఒంటరి ఆట కాబట్టి దొరా నేనే కావాలి. వాకిలి ముందు నిలబడి, పారిపోయిన మనిషిని పిలవబోయాను. ఏమే అని వచ్చింది. కాదని మళ్లీ పిలిచాను. ఆళ్లగడ్డామే అని వచ్చింది. మూడోసారి ఓమ్మీ. నా పేరు నాకు తెలుసు, కాని దొర గొంతుతో అది రాలేదు, ఎందుకంటే ఆ గొంతులో నేను దాన్ని ఎప్పుడూ వినలేదు. గవ్వలు ఏరుకున్నాను. వాకిలి నేను సరిగ్గానే పెట్టాను. ఊరు లోపల ఉందనుకోవడమే పొరపాటు. ఈ నలభై రెండు బండలూ దొర పొలం. ఊరు గడప అవతలుంది.

జూన్ పద్దెనిమిదో తేదీ పొద్దున వంట చేసి, క్యారియరు కట్టాను. రంగమ్మ ముందురోజే వచ్చి ఉంది. బండలు తుడిచాను, ఈసారి వంటింటి నుంచి మొదలుపెట్టి వీధి వైపుగా. సంచిలో నాలుగు చీరలు, డిగ్రీ కాగితం, గవ్వలు. గడప దగ్గర ఉండగా ఆయన పళ్లు తోముకుంటూ వసారాలోకి వచ్చాడు.

"ఏమే. యాడికి పోతాండావ్?"

"ఆళ్లగడ్డకు. చెప్తి గదా."

"వద్దంటి గదా నేను."

నిలబడ్డాను. ఆటలో మోసం చేసే అలవాటు నాకు లేదు. నియమం నియమమే. ఆయన నా పేరు పెట్టి ఒక్కసారి పిలిచి ఉంటే సంచి దించేసేదాన్ని, ఒట్టు. కాపలాదారు కూడా ఆపేవాడు కాదు. అందుకే తొందరపడకుండా, ఆయన మొగం చూస్తూ ఆగాను. ఆయన నోరు తెరిచాడు. కళ్లు గోడ మీది అవ్వ ఫోటో వైపు పోయి తిరిగి వచ్చాయి. ఆ క్షణం ఆయనకూ ఏదో అందినట్టే అనిపించింది.

"ఏమే," అన్నాడు మళ్లీ, ఈసారి మెల్లగా. "మాట వినవా?"

వింటూనే ఉన్నాను. అందులో నా పేరు లేదు.

గడప అవతల తొలి అడుగు పెట్టి, ఒకటో రోజు అనుకున్నాను.