రక్తపరీక్షకు ముందు పరుగు

ఆ ఇంటాయనకు అన్నింట్లోనూ ఫస్టు మార్కు రావాలి, ఆఖరికి రక్తపరీక్షలో కూడా. రిపోర్టులో తెల్లకణాలు కాస్త ఎక్కువున్నాయని తేలగానే మంచమెక్కేశాడు.

"నన్నిలా వదిలేసి మీ చెల్లెలింటికి వెళ్తావా?"

ఇల్లాలు సర్దుకున్న పెట్టె వంక చూసి నిట్టూర్చింది. ఎన్నాళ్లకో కుదిరిన ప్రయాణం. ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

"జ్వరం, దగ్గు లాంటివేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవండి."

"మరి రక్తం ఇచ్చే ముందు ఏం చేశారు?"

ఇల్లాలే అందుకుంది.

"కొవ్వు తక్కువ చూపిస్తుందని ల్యాబు మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కి దిగారండీ. వద్దంటే, నీకేం తెలుసన్నారు."

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "గట్టిగా పరిగెత్తినా తెల్లకణాలు కాసేపు పెరుగుతాయి. మిగతా లెక్కలన్నీ బాగున్నాయి. ఎందుకైనా మంచిది, స్థిమితంగా కూర్చుని మళ్లీ ఇవ్వండి."

ఈసారి ఆమె ఆయన్ని లిఫ్టులో తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే కాపలా కూర్చుంది. లెక్క సరిగ్గా వచ్చింది.

మర్నాడు ఆయనే ఆమె పెట్టె మోసుకుంటూ గుమ్మం దాటాడు. అలవాటుగా మెట్లవైపు నడవబోయి ఆగాడు.

"లిఫ్టులోనే వెళ్దాం పద. ఆ రోజు నీ మాట వినాల్సింది. తప్పు నాదే."